80 దాటగానే స్టీరింగ్ వణుకు, ముందు టైర్లు లోపలి వైపే అరిగాయి: నాలుగూ మార్చేయాలా?

పల్నాడు డిజైర్:

అందరికీ నమస్కారం. మాది సత్తెనపల్లి. 2015 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రీడింగ్ ఇప్పుడు 82 వేలు. పని మీద గుంటూరు తరచూ వెళ్తాను. అమ్మను డాక్టరుకు చూపించడానికి పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ కూడా వెళ్ళాల్సి వస్తోంది. అందుకే ఈ టెన్షన్.

సమస్యలు మూడు. 80 దాటగానే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది, 100 దగ్గర బాగా తెలుస్తుంది. 50 నుంచే వెనక నుంచి హూమ్మని ఒక సౌండ్ మొదలై, స్పీడుతో పాటు పెరుగుతుంది. స్టీరింగ్ కాస్త వదిలితే బండి ఎడమకు లాగుతుంది.

ఇక్కడ ఒక టైర్ల షాపులో చూపించాను. బండి కింద చూడలేదు కానీ, "టైర్లు అయిపోయాయి, నాలుగూ మార్చండి, ఈ సమస్యలన్నీ పోతాయి" అన్నారు. ఇరవై వేలు అవుతుందట. నా బండికి ఉన్నవి 165/80 R14. వాళ్ళ దగ్గర ఆ సైజు లేదు, 185/65 R14 ఉన్నాయి, "వెడల్పు ఎక్కువ, గ్రిప్పు బాగుంటుంది" అంటున్నారు. ఇరవై వేలు పెట్టాక కూడా వణుకు అలాగే ఉంటే ఏం చేయాలి? ఏ కంపెనీవి మంచివో కూడా చెప్పండి.

గుంటూరు మిర్చి యార్డ్:

ఎంఆర్ఎఫ్ వేయించండి బ్రదర్, గట్టిగా ఉంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. మా ఇంట్లో బళ్ళన్నిటికీ అవే. వణుకంటారా, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమం చేయడం) చేయిస్తే పోతుంది.

సూర్యాపేట అలైన్‌మెంట్:

తమ్ముడూ, డబ్బు కట్టకుండా ముందు అడిగావు, మంచి పని చేశావు. విజయవాడ హైవే మీద చాలా ఏళ్ళుగా అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), సస్పెన్షన్ పని చేస్తున్నాను. కంపెనీ పేరు మనం చివర్లో మాట్లాడుకోవాల్సిన విషయం. మొదట తేలాల్సింది నీ పాత టైర్లను ఏది తినేసిందో. అది తేలకుండా కొత్తవి వేస్తే కప్పు కారుతుంటే నేల తుడిచినట్టే. కోదాడ నుంచి ఒకాయన ఏడాది తిరక్కుండానే రెండో జత టైర్లకు వచ్చాడు. రెండు జతలూ లోపలి అంచునే అరిగాయి. పైనుంచి చూస్తే కొత్త టైరు, లోపల చెయ్యి పెడితే తీగలు గుచ్చుకుంటున్నాయి. ఆయన వేసింది మంచి పేరున్న టైరే. చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్, దాని రబ్బరు బుష్ చిరిగి ఉంటే ఏ టైరైనా అంతే.

నువ్వు చెప్పిన మూడూ ఒకే జబ్బు కాకపోవచ్చు. విడివిడిగా చూద్దాం.

ముందు గాలి. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు నాలుగూ కొలువు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసిన మ్యాక్స్ ప్రెషర్ చూసి అంత కొట్టించొద్దు. అది టైరు తట్టుకునే పరిమితి, నీ బండికి కావలసిన లెక్క కాదు. ఎడమ ముందు టైరులో గాలి తక్కువుంటే బండి ఎడమకే లాగుతుంది. సగం "లాగుడు" కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఇంకో సంగతి. మన రోడ్లు వాన నీరు జారిపోవడానికి అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమన నడుపుతాం కాబట్టి ఏ బండైనా కొంచెం ఎడమకు జరుగుతుంది. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్న చోట కాసేపు మధ్యలో నడిపి చూడు. అక్కడా లాగితేనే లెక్క. పది కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకు. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. అలాంటప్పుడు కూడా బండి అటే లాగుతుంది.

తర్వాత టైరు అరిగిన తీరు. ఇది చేత్తో చూడాలి, కంటికి సగమే కనిపిస్తుంది. రెండు అంచులూ అరిగి మధ్యలో మిగిలి ఉంటే ఆ టైరు గాలి తక్కువతో తిరిగింది. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ. ఒక్క లోపలి అంచే అరిగితే చక్రం కోణం తప్పింది. అరచేతిని టైరు మీద అడ్డంగా అటూ ఇటూ పాముతూ చూడు. ఒక వైపు నున్నగా జారి, తిరుగు దారిలో గుచ్చుకుంటే టో తప్పింది, అంటే పైనుంచి చూస్తే చక్రాలు తిన్నగా లేక లోపలికో బయటికో తిరిగి ఉన్నాయి. ఎత్తుపల్లాలుగా, గుంతలు గుంతలుగా తగిలితే షాకబ్జార్లు బలం తప్పాయి. వెనక టైర్లు అలా ఉంటే హూమ్మనే సౌండ్ అక్కడి నుంచే కావచ్చు.

సౌండ్ విషయంలో బేరింగ్‌నీ టైరునీ కలిపేయొద్దు. బండి 60లో ఉండగా ఒక్కసారి క్లచ్ తొక్కు. సౌండ్ మారకపోతే ఇంజన్‌ది కాదు. వెడల్పుగా, ఖాళీగా ఉన్న మలుపు చూసుకో. కుడికి తిరుగుతుంటే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు సౌండ్ పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగ్. మలుపుకు ఏమీ మారకుండా, నున్నటి కొత్త తారు మీద ఒకలా, సిమెంట్ రోడ్డు మీద ఇంకోలా ఉంటే అది టైరే.

వణుకు దేనికి? మామూలుగా పోతున్నప్పుడు ఒక స్పీడ్ దగ్గర స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్, లేదా రిమ్ము బెండ్. సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు. బ్రేక్ వేసినప్పుడే వణికితే బ్రేక్ డిస్కులు. నీది ఎప్పుడో రాయి.

చివరగా టైరు పుట్టిన తేదీ. టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఇది చాలా టైర్లకు ఒక వైపే ఉంటుంది, బయట కనపడకపోతే లోపలి వైపు వెతుకు. ఇవన్నీ చూసి వచ్చి రాయి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

పల్నాడు డిజైర్:

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూశాను.

గాలి: ఎడమ ముందు 22, కుడి ముందు 30, వెనక రెండూ 31. ఎడమ ముందు టైరులో మేకు ఉంది, నెమ్మదిగా దిగుతోంది. పంక్చర్ వేయించి స్టిక్కర్ ప్రకారం కొట్టించాక లాగడం దాదాపు పోయింది. రిమ్ములు ఏవీ అంత వేడిగా లేవు.

వణుకు మామూలుగా పోతున్నప్పుడే. బ్రేక్ వేస్తే పెరగదు.

సౌండ్ మలుపులో మారడం లేదు. మా ఊరి దగ్గర సిమెంట్ రోడ్డు మీద బాగా ఎక్కువ, తారు మీద తక్కువ. వెనక టైర్ల మీద చెయ్యి పెడితే మీరు చెప్పినట్టే ఎత్తుపల్లాలు తగిలాయి.

ముందు టైర్లు రెండూ లోపలి వైపు నున్నగా అయిపోయాయి, కుడిది మరీ ఎక్కువ. బయట వైపు చూస్తే ఇంకో పదివేలు తిరుగుతాయి అనిపిస్తుంది. తేదీలు: ముందు 3517, వెనక 0815. వెనకవి బండితో వచ్చినవే అనుకుంటా.

సూర్యాపేట అలైన్‌మెంట్:

చూశావా, లాగుడు ఒక మేకుతో తేలిపోయింది. సౌండ్ వెనక టైర్లది, బేరింగ్ ఖర్చు తప్పింది.

టైర్లు మార్చాల్సిందే, అందులో ఆ షాపు వాళ్ళ మాట నిజమే. 2015 నాటి రబ్బరు గ్రిప్పు ఎంత మిగిలి ఉన్నా ఎండకు గట్టిపడిపోతుంది. పక్కగోడ మీద సన్న పగుళ్ళు కనిపిస్తాయి చూడు. మీ వైపు రెంటచింతల ఎండ సంగతి నేను చెప్పాలా? అలాంటి టైర్లతో మే నెలలో అమ్మను కూర్చోబెట్టుకుని హైవే మీద 100లో పోవద్దు. లోపలి అంచు అయిపోయిన ముందు టైర్లు అంతకంటే ప్రమాదం. టైరు గాడుల్లో అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. గ్రిప్పు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. ఈ లెక్క ఎక్కువ అరిగిన చోట చూడాలి, బాగున్న చోట కాదు.

కానీ వరస ముఖ్యం. ముందు కింద పని, తర్వాత టైర్లు, ఆ తర్వాత బ్యాలెన్సింగ్, అన్నిటికంటే ఆఖరున అలైన్‌మెంట్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

కింద పనిలో నీ బండికి నా అనుమానం కుడి లోయర్ ఆర్మ్ బుష్‌లు. బండిని లిఫ్ట్ ఎక్కించి, బుష్ దగ్గర లివర్ పెట్టి కదిపిస్తే రబ్బరు చిరిగిందో లేదో అక్కడే కనిపిస్తుంది. పక్కన నిలబడి చూడు. చక్రాన్ని గాల్లోకి లేపాక పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే కీలు) లేదా బేరింగ్. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే ఆట ఉందంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర). ఇంట్లో చేయొద్దు, వట్టి జాకీ మీద ఉన్న బండి కింద చెయ్యి కూడా పెట్టకూడదు.

ఈ బుష్ గురించి ఒక మాట గట్టిగా చెప్తాను, ఎందుకంటే జనం డబ్బు ఇక్కడే పోతోంది. బుష్ చిరిగినా అలైన్‌మెంట్ మెషిన్ మీద అంకెలన్నీ పచ్చగా చూపించొచ్చు. మెషిన్ మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది. రోడ్డు మీద బ్రేక్ తొక్కినప్పుడు, గుంతలో పడినప్పుడు ఆ ఆర్మ్ వెనక్కీ ముందుకీ జరిగి చక్రం కోణం మారిపోతుంది. అది మెషిన్‌కు తెలియదు. ప్రింట్ చేతిలో పెట్టి "పర్ఫెక్ట్" అంటారు, టైరు మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. అందుకే బుష్‌లు చూడకుండా అలైన్‌మెంట్ చేస్తానన్న వాళ్ళ దగ్గర చేయించొద్దు.

ఇంకోటి. నీ బండికి ముందు చక్రాలకు టో ఒక్కటే సర్దే వీలుంది. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) తప్పిందంటే ఏదో ఒక పార్టు వంగినట్టు, దాన్ని మార్చాలి. "క్యాంబర్ సరిచేస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఏం మారుస్తున్నారో అడుగు.

వెనక షాకబ్జార్ల మీద ఆయిల్ తడి ఉందేమో చూపించు. తడి ఉంటే రెండూ కలిపి మార్చు, ఒక్కటి మార్చకు. పాతవి అలాగే ఉంచి కొత్త టైర్లు వేస్తే, కొన్నాళ్ళకు అవీ ఎత్తుపల్లాలై అదే హూమ్మనే సౌండ్ మళ్ళీ మొదలవుతుంది.

గుంటూరు మిర్చి యార్డ్:

అన్నా, మరి సైజు సంగతి? 185 వేస్తే రోడ్డు పట్టు బాగుంటుంది కదా. మా ఫ్రెండు వేయించాడు, బాగుందంటున్నాడు.

సూర్యాపేట అలైన్‌మెంట్:

185 ఒక్కటే చూస్తే చాలదు బాబూ. 165/80 R14లో 165 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132. 14 రిమ్ము అంగుళాలు, అంటే 355.6. రెండు వైపుల గోడలూ కలిపితే మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు.

ఇప్పుడు 185/65 R14 లెక్క కట్టు. గోడ 120 చిల్లర, మొత్తం 596. దాదాపు 4 శాతం చిన్నది. మీటర్ 100 చూపిస్తే బండి 96లోనే పోతుంది, కిలోమీటర్లు కూడా ఎక్కువ తిరిగినట్టు చూపిస్తుంది. ఇది పెద్ద నష్టం కాదు. నష్టం ఏంటంటే బండి నేలకు 12 మిల్లీమీటర్లు దిగుతుంది. ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను ఉన్న డిజైర్ ఊళ్ళో స్పీడ్ బ్రేకర్లకు ఇప్పటికే తగులుతుంది. పైగా గోడ పొట్టిదైతే గుంతలో పడినప్పుడు దెబ్బ సగం రిమ్ము తింటుంది. సిమెంట్ లారీలు తిరిగే మీ రోడ్లలో ఆ ఎత్తు గోడే నీ రిమ్ములను కాపాడుతోంది.

వెడల్పు కావాలనే కోరిక ఉంటే 185/70 R14 చూడండి. ఎత్తు 615 దగ్గర, తేడా ఒక శాతం లోపే. కానీ డీజిల్ బండికి స్టీరింగ్ కొంచెం బరువవుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. నన్నడిగితే తమ్ముడి వాడకానికి కంపెనీ ఇచ్చిన 165/80 చాలు.

సైజు తర్వాత ఉండే 85T లాంటిదీ చూడాలి. 85 అంటే ఆ టైరు 515 కిలోలు మోస్తుంది. T అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా పరిమితి. ఆ రెండూ పాతవాటితో సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి, తక్కువ వద్దు.

కంపెనీ అంటారా, ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, ఏదైనా పరవాలేదు. ఒకే కంపెనీలో కూడా గట్టి రబ్బరుతో ఎక్కువ కాలం వచ్చేవి, మెత్తటి రబ్బరుతో తడి రోడ్డు మీద బాగా ఆగేవి వేరువేరుగా ఉంటాయి. అందుకే పేరు కాదు, రకం అడగండి. ఎక్కువగా హైవే, ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుంటారు అంటే నేను మెత్తవైపే మొగ్గుతాను. కొంచెం తొందరగా అరుగుతాయి, కానీ వానలో బ్రేక్ పడుతుంది. మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. తయారీ తేదీ ఆరు నెలల లోపుదైతే మంచిది, ఏడాది దాటింది నేనైతే తీసుకోను. బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకోండి, వారంటీకి అవే ఆధారం.

విశాఖ ఘాట్ రోడ్:

నమస్తే అండీ. మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను అరకు వైపు రెగ్యులర్‌గా డ్రైవ్ చేస్తాను. డబ్బు సరిపోక ముందు రెండే మార్చాలనుకుంటే కొత్తవి ఎక్కడ వేయాలి? మా మెకానిక్ ఎప్పుడూ ముందే వేస్తారు. ఇంజన్ లాగేది, తిప్పేది ముందు చక్రాలే కదా అంటారు. మా వారేమో వెనక వేయాలంటారు.

సూర్యాపేట అలైన్‌మెంట్:

మీ వారి మాటే కరెక్ట్ అమ్మా, ముఖ్యంగా మీరు తిరిగే రోడ్డుకి. వానలో ముందు టైర్లు పట్టు తప్పితే బండి తిరగకుండా తిన్నగా పోతుంది. స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికి వస్తుంది. వెనక టైర్లు పట్టు తప్పితే బండి తోక తిరిగిపోతుంది. తెలిసేలోపే అడ్డం పడుతుంది, ఘాట్ మలుపులో అది మామూలు డ్రైవర్ చేతిలో ఉండదు. అందుకే ఎక్కువ గ్రిప్పు ఉన్న జత వెనక ఉండాలి. ముందు చక్రాలు లాగే బండి అయినా సరే. కాకపోతే ముందుకు వెళ్ళే పాతవి కూడా బాగుండాలి, బోడివి కాదు. తమ్ముడి బండిలో నాలుగూ పోయాయి కాబట్టి అక్కడ ఆ ప్రశ్న లేదు.

ఎండాకాలం వస్తోంది కాబట్టి ఇంకో మాట. ఎండకు టైరు పేలుతుందని గాలి తగ్గించి నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తప్పు, ప్రాణాంతకం. గాలి తక్కువైతే తిరిగే ప్రతి చుట్టుకూ పక్కగోడ ఎక్కువ వంగుతుంది, ఆ వంగుడుకే లోపల వేడి పుడుతుంది. పేలేది ఆ వేడికే. పొద్దున చల్లగా 33 పెడితే మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపించడం మామూలే. టైరు ఆ లెక్కకే చేస్తారు. వేడిగా ఉన్నప్పుడు గాలి వదలొద్దు.

పల్నాడు డిజైర్:

అన్నా, పని అయింది. గుంటూరులో లిఫ్ట్ ఉన్న చోట చేయించాను. కుడి లోయర్ ఆర్మ్ బుష్ చిరిగి వేలాడుతోంది, ఎడమది పగుళ్ళు. రెండు ఆర్మ్‌లూ మార్చాం. వెనక షాకబ్జార్లు రెండూ ఆయిల్ కారుతున్నాయి, అవీ మార్చాం. 165/80 R14 నాలుగూ వేయించాను, తేదీ మూడు నెలల లోపుది. బ్యాలెన్సింగ్‌లో ఎడమ ముందు రిమ్ము లోపలి అంచు వంగి ఉందని తేలింది. బయట నుంచి చూస్తే అసలు తెలియదు. దాన్ని స్టెప్నీకి పంపి, స్టెప్నీ రిమ్ము ముందుకు తెచ్చాం. 100లో కూడా వణుకు లేదు, సౌండ్ లేదు. ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువే అయింది, కానీ దేనికి ఇచ్చానో తెలిసి ఇచ్చాను.

ఒక్క డౌట్. పాత టైర్లలో ఒకటి ఆ వంగిన రిమ్ముకే వేసి స్టెప్నీగా పెట్టారు. పరవాలేదా?

సూర్యాపేట అలైన్‌మెంట్:

సంతోషం తమ్ముడూ. స్టెప్నీకి 2015 టైరు పెట్టారేమో తేదీ చూడు, పెట్టి ఉంటే తీయించు. డిక్కీలో తిరక్కుండా ఉన్నా రబ్బరుకు వయసు వస్తుంది. నాలుగింటిలో ఏదీ స్టెప్నీకి పనికొచ్చేలా లేదు కాబట్టి అదే సైజులో ఒక కొత్తది కొను. రిమ్ము కొంచెం వంగితే ప్రెస్‌లో సరిచేస్తారు, బీటలు ఉంటే మాత్రం వెల్డింగ్ చేయించొద్దు, రిమ్మే మార్చు. అంచు దగ్గర సబ్బు నీళ్ళు పోసి గాలి బుడగలు వస్తున్నాయేమో చూడమను. స్టెప్నీలో గాలి స్టిక్కర్ కంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టించు, నెలల తరబడి ఎవరూ చూడరు కాబట్టి. వాడాల్సి వస్తే గాలి సరి చూసుకుని, పంక్చర్ షాపు దాకా 80 దాటకుండా పో. వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు చక్రాల నట్లు స్పానర్‌తో చేత్తో ఒకసారి బిగించి చూడు, షాపుల్లో గన్‌తో బిగించి వదిలేస్తారు. పదివేల కిలోమీటర్లకు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించు. ఆ రోజే ముందు టైర్ల లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూడు.